గొడుగు కొస

నా చిన్నప్పుడు దేవుడి చేతిలో కూడా ఒక గొడుగు ఉంటుందనుకునేదాన్ని. నల్ల గొడుగు, కొసన ఇత్తడి పొన్ను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఎందుకలా అనుకున్నానో తెలియాలంటే ముందు తమిళనాట పీలమేడు నూలు మిల్లు గేటు దగ్గరికి రావాలి.

ఇప్పుడక్కడ కాలేజీలు, కంప్యూటరు ఆఫీసులు, రోడ్డు దాటనివ్వని బండ్లు. అప్పుడు మిల్లు కూతతోనే మాకు తెల్లవారేది. ఆ కూత కూయకముందే ముప్పై నలభై మంది గేటు బయట చేరేవాళ్ళు. లోపల పర్మనెంటుగా ఉన్నవాళ్ళలో ఎవరు రాకపోతే వాళ్ళ బదులు ఆ ఒక్క రోజుకు బయటివాళ్ళను తీసుకునేవాళ్ళు. దాన్ని బద్లీ పని అనేవాళ్ళు. మేస్త్రి వచ్చి మనుషుల మీదుగా గొడుగు తిప్పేవాడు. నువ్వు, నువ్వు, ఆ వెనక నువ్వు. పేరు అడిగేవాడు కాదు. గొడుగు కొస ఎవరి మీద ఆగితే వాళ్ళింట్లో ఆ రోజు పొయ్యి వెలిగేది.

మా అవ్వ ఆ గుంపులో మనిషి. లోపలికి పోతే వేస్టు గదిలో చెత్త దూదిలోంచి మంచి దూది ఏరే పని. మా అమ్మ నన్ను కని పోయింది. నాయన ఒట్టన్‌చత్రం సంతలో కూరగాయల మూటలు మోసుకుంటూ ఎప్పుడో ఒకసారి వచ్చి తల నిమిరి పోయేవాడు. నాకు అవ్వ, అవ్వకు నేను, మా ఇద్దరికీ ఆ గొడుగు.

గొడుగు ముందు నిలబడటం ఒక విద్య. అవ్వ నాకు చెప్పకుండానే నేర్పింది. మోచేతి నుంచి మణికట్టు దాకా నూనె రాసుకోవాలి, చేతిలో బలమున్నట్టు మెరుస్తుంది. నోట్లో ఆకు ఉంటే ఉమ్మేసి రావాలి. మొదటి వరసలో నిలబడితే అడుక్కోవడానికి వచ్చినట్టుంటుంది, మూడో వరసలో కంటికి ఆనరు, అందుకని రెండో వరస. మేస్త్రి కళ్ళలోకి చూడకూడదు, గొడుగు కొసనే చూడాలి. ఎనిమిదేళ్ళకే నాకు ఇవన్నీ వచ్చు. అక్షరాలు మాత్రం రావు. అవ్వ లోపలికి పోయాక నేను ఇంటికొచ్చి గంజి కాచి మధ్యాహ్నానికి గేటు దగ్గరికి తెచ్చేదాన్ని. ఇక బడి ఎప్పుడు?

ఆ మేస్త్రి పరాయివాడైతే నాకింత మంట ఉండేది కాదు. వాడు మావాడే. కూలీలకు వరసగా కట్టిన మా లైనిళ్ళలోనే పుట్టినవాడు. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. వాడి తాత, మా తాత ఒకే తొట్టిలో తోళ్ళు నానబెట్టినవాళ్ళు. మా వీధి మొత్తం ఒకే తరంలో యేసు దగ్గరికి వచ్చింది. మమ్మల్ని ఎవరూ గడప ఎక్కనివ్వని రోజుల్లో ఆయన ఎక్కనిచ్చాడని వచ్చింది. ఆ సంగతి మరిచిపోయినవాళ్ళలో మొదటివాడు మేస్త్రి. వారమంతా గేటు దగ్గర తిరిగిన గొడుగే ఆదివారం చర్చిలో ముందు బెంచీకి వేలాడేది, ఎందుకంటే వాడే మా సంఘ పెద్ద.

పాదిరి అయ్యగారు నెలకొకసారి గాంధీపురం వైపు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఆ ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. రొట్టె, ద్రాక్షరసం. పెద్దవాళ్ళు బల్ల ముందు మోకరిస్తే మేము వెనక చాప మీద కూర్చుని చూసేవాళ్ళం. ఏడాదికొకసారి ఈడొచ్చిన పిల్లల్ని కూడా బల్లకు చేర్చేవాళ్ళు. నాకు పదకొండేళ్ళు వచ్చిన ఏడు ఆ పట్టీ తయారుచేసే పని అయ్యగారు మేస్త్రికి అప్పగించాడు. ఆ రోజు పిల్లలకు కుట్టించే కొత్త బట్టలమీద నాకు ఆశ లేదు. అవ్వ పక్కన మోకరించాలి, అంతే. వారానికి ఆరు రోజులు గేటు బయట నిలబడి ఆమె లోపలికి పోవడం చూసినదాన్ని, ఏడో రోజైనా ఆమెతోపాటు లోపలికి పోవాలనుకున్నాను.

శనివారం చర్చి గోడకు ఆనించి పన్నెండు మంది పిల్లల్ని నిలబెట్టారు. నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గు. చేతులకు నూనె రాసుకుని పోయాను. అందరూ ఒకే వరసలో నిలబడితే నేను ఒక అడుగు వెనక్కి, ఇద్దరి మధ్య కనిపించేలా నిలబడ్డాను. రెండో వరస. కళ్ళు గొడుగు కొస మీద.

మేస్త్రి పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. దేవుడు నిన్నెందుకు చేర్చుకోవాలి? పిల్లలు తమిళంలో గడగడ ఒప్పజెప్పారు. నా మంచితనం వల్ల కాదు, నా క్రియల వల్ల కాదు, ఆయన కృప వల్లనే. ముందు నాలుగు వారాలు క్లాసు పెట్టి ఆ జవాబు బట్టీ పట్టించారట. ఆ నాలుగు వారాలూ క్లాసు వేళకు నేను గంజి గిన్నె పట్టుకుని గేటు దగ్గర ఉన్నాను. గొడుగు కొస నా దాకా వచ్చి ఆగింది. నాకు తెలిసిన జవాబు నేను చెప్పాను.

"నేను బాగా పని చేస్తాను మేస్త్రీ. రెండు షిఫ్టులు చేస్తాను."

గోడ మొత్తం నవ్వింది. మేస్త్రి కూడా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వి, పుస్తకం చేతికిచ్చి చదవమన్నాడు. నేను చదవలేకపోవడం చూసి, అక్షరం ముక్క రానిదానికి బల్ల దగ్గర ఏం పని, మీ అవ్వతో చెప్పు అని గొడుగు పక్కకు తిప్పాడు. పన్నెండు మందిలో పదకొండు మంది పేర్లు రాసుకున్నాడు.

అరవై ఏళ్ళుగా ఈ సంగతి నమిలినా నాకు మింగుడుపడదు. కృప అన్న మాట తప్పు లేకుండా చెప్పినవాళ్ళు పాసు. చెప్పలేనిది ఫెయిలు. నీ గొప్ప ఏమీ లేకుండానే దేవుడు నిన్ను చేర్చుకున్నాడని ఒప్పజెప్పడానికి ఒక పరీక్ష, అందులో మార్కులు. దీన్లోని సిగ్గుచేటు ఆ గోడ దగ్గర ఒక్క పెద్దమనిషికి కూడా కనబడలేదు.

ఇంటికొచ్చి అవ్వతో చెప్పాను. రెండు షిఫ్టుల మాట దగ్గర అవ్వ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. ఎత్తిన చెయ్యి అలాగే దించి నా మోచేతిని పట్టుకుని చూసింది. నూనె ఇంకా ఆరలేదు. తన కొంగుతో ఆ నూనె తుడిచింది. గట్టిగా, తోలు మండేలా తుడిచింది.

"ఎవురు నేర్పినారే నీకు ఇది?" అని తనే, "నేనే గదా నేర్పిస్తిని," అంది.

మరునాడు ఆదివారం. అయ్యగారు పట్టీ చూసి పదకొండు పేర్లూ పిలిచాడు. పిల్లలు వెళ్ళి మోకరించారు. తర్వాత పెద్దవాళ్ళ వంతు. అవ్వ లేచి నా చెయ్యి పట్టుకుంది. చాప మీద నుంచి బల్ల దాకా పది పన్నెండు అడుగులు ఉంటాయేమో, నాకు మాత్రం గాంధీపురం దాకా నడిచినట్టుంది. ముందు బెంచీ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి కూర్చున్నచోటి నుంచే గొడుగు తీసి దారికి అడ్డంగా పెట్టాడు. ఇది పట్టీలో లేదు ముసలీ, నువ్వు మాత్రం పో అన్నాడు, మెల్లగానే.

అవ్వ ఆ గొడుగు కొసను చేత్తో పట్టుకుంది. పదకొండేళ్ళుగా ఏ కొస కోసం తెల్లవారకముందే లేచేదో, ఆ కొస. దాన్ని కిందికి దించి నేలకు ఆనించింది. గేటు దగ్గర ఎప్పుడూ మేస్త్రీ అని వంగి పిలిచే మనిషి ఆ రోజు, తమ్ముణ్ణి పిలిచినట్టు, తంబీ అని పిలిచింది.

"తంబీ, నీకు ఎనిమిదో దినం. మీ అమ్మకు జ్వరం, లేవలేకపాయ. నిన్ను నేనే ఎత్తుకోని వచ్చి ఈ బల్ల ముందర నిలబడితిని. నీ తలమీద నీళ్ళు పోసినారు. ఆ పొద్దు నీకు ఏ పుస్తకం చదివేదానికి వచ్చును? నా భుజం మీద పాలు కక్కితివి. ఒంటికి పోసుకుంటివి. పైనున్న ఆయప్ప నిన్ను వద్దన్నాడా?"

వెనక చాపల మీద ఆడవాళ్ళు ముందు కిసుక్కుమన్నారు, తర్వాత బాహాటంగానే నవ్వారు. ఎవరో ముసలావిడ, అవును, నేనూ చూసినాను, ఆ చీర ఉతికింది నేనే అంది. నిన్న గోడ దగ్గర నన్ను చూసి నవ్విన నవ్వు వీధి తిరిగి వాడి దగ్గరికే వచ్చింది. మేస్త్రి మొహం కమిలిపోయింది. అవ్వ మాత్రం నవ్వలేదు. ఇంకొక్క మాట అంది. ఇప్పుడు వాడికి మాత్రమే వినబడేలా.

"గేటు కాడ నువ్వు ఏరుకో, అది నీ పని. ఈడ ఎవురూ ఎవుర్నీ ఏరేది లేదు. ఆయప్ప మనందరినీ సుమ్మా ఎత్తుకోని వచ్చినాడు."

సుమ్మా అంటే ఊరికే. ఏ కారణమూ లేకుండా. మా ఇళ్ళలో తమిళం, తెలుగు కలిసిపోయి ఎప్పుడూ దొర్లే మాటే అది. చర్చిలో మాత్రం ఎవరూ వాడేవాళ్ళు కాదు.

ఇక అయ్యగారి సంగతి. మేమిద్దరం మోకరించాం. ఆయన రొట్టె పళ్ళెంతో అవ్వ దాకా వచ్చి ఆమె చేతిలో ముక్క పెట్టాడు. నన్ను చూశాడు. పట్టీ వైపు చూశాడు. మేస్త్రిని చూశాడు. వచ్చే ఏడు అక్షరాలు నేర్చుకుని రామ్మా అని గొణిగి నా పక్కవాళ్ళ దగ్గరికి పోయాడు. చదువుకున్న మనిషి, కృప గురించి గంటసేపు చెప్పగలిగిన మనిషి. మేస్త్రికి కోపమైనా వచ్చింది. ఈయనకు అదీ రాలేదు. మేస్త్రిని ఏనాటికైనా క్షమిస్తానేమో కానీ ఆ తల తిప్పుకున్న మనిషిని క్షమించడం నాకు ఈ రోజుకీ చేతకాలేదు. తప్పంటే తప్పే. రాసేటప్పుడు అబద్ధం ఎందుకు?

అవ్వ తన చేతిలోని రొట్టెను చూసింది. గోరంత ముక్క. దాన్ని రెండు చేసి సగం నా నోట్లో పెట్టింది. ఆమె వేళ్ళకు మిల్లు దూది వాసన. ఎంత కడిగినా ఆదివారం కూడా పోని వాసన. అయ్యగారు చూశాడు. చూసి చూడనట్టు పోయాడు.

సోమవారం గేటు దగ్గర గొడుగు అవ్వ మీద ఆగలేదు. మంగళవారమూ లేదు. ఆ నెలంతా లేదు. అలా జరుగుతుందని ఆదివారం ఆ కొస పట్టుకునేటప్పుడే ఆమెకు తెలుసు. మూడో వారం నేను ఏడుస్తూ, నా వల్లే కదా అవ్వా అన్నాను. ఆమె విసుక్కుంది. నీ వల్ల ఏం కాదే, పోయి చెంబెడు నీళ్ళు తే అంది. తర్వాత గాంధీపురంలో ఒక లాడ్జిలో గదులు ఊడ్చే పనికి కుదిరింది. రోజూ అంత దూరం నడిచి పోయేది. నూనె రాసుకోవడం మాత్రం మానేసింది. అక్కడ చీపురే చూసుకునేవాళ్ళు, చేతులు కాదు.

నేను అక్షరాలు నేర్చుకున్నాను. వచ్చే ఏడు కాదు. తమిళం నలభై దాటాక, తెలుగు అరవై దాటాక, పక్కింటి టీచరమ్మ పలక పెట్టి దిద్దిస్తే. అవ్వ ప్రార్థన చేసుకున్న భాషకు కూడా అక్షరాలుంటాయని అప్పుడే తెలిసింది నాకు. ఆమె చూడకుండానే పోయింది.

ఆ చర్చి ఇప్పుడు పెద్దదైంది. నేలకు టైల్సు, పైన ఏసీ. పోయిన నెల కమిటీవాళ్ళు ఇంటికొచ్చారు. మీరు సంఘంలో పెద్దవారు, ఈ ఏడు బల్లకు చేర్చే పిల్లల్ని పరీక్ష చేసేచోట కూర్చోండి అన్నారు. పోయాను. పందొమ్మిది పేర్ల కాగితం, ఒక పెన్ను చేతికిచ్చారు. జవాబు సరిగ్గా చెప్పనివాళ్ళ పేరు కొట్టేయాలట. ప్రశ్న ఏమిటని అడిగాను. అదే ప్రశ్న. ఒక్క అక్షరం మారలేదు. పిల్లలు గోడ దగ్గర నిలబడ్డారు, ఇస్త్రీ బట్టల్లో, నా వైపు చూస్తూ. నా కళ్ళ వైపు కాదు, పెన్ను వైపు.

పెన్ను తిరిగి ఇచ్చేశాను. ఇందుకోసం నేను ఇన్నేళ్ళకు అక్షరాలు నేర్చుకోలేదని కమిటీవాళ్ళతో చెప్పాను. మీలో ఎవరెవరు ఏం ఒప్పజెప్పి చేరారో, మీ తలమీద నీళ్ళు పోసినప్పుడు ఎవరెవరు ఏం కక్కారో చెప్పండి, తర్వాత పిల్లల్ని అడుగుదాం అన్నాను. ఒకాయన, అట్లా అంటే ఎట్లా అత్తా, క్రమం అని ఒకటుంది గదా అన్నాడు. నీ క్రమం నువ్వే ఉంచుకో నాయనా అని కాగితాన్ని మడిచి నా రవికలో పెట్టుకుని వచ్చేశాను. పందొమ్మిది పేర్లూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటి కూడా కొట్టెయ్యలేదు. వాళ్ళు ఇంకో కాగితం రాసుకుంటారని తెలుసు. రాసుకోనీ. బల్ల ఆదివారం నేనూ అక్కడే ఉంటాను, నా వంతు రొట్టె నా చేతికి వస్తుంది. దాన్ని ఎన్ని ముక్కలు చెయ్యాలో నాకు తెలుసు.

దేవుడి చేతిలో గొడుగు ఉందన్న భయం ఆ సగం ముక్క మింగిన రోజే పోయింది. కోపం మాత్రం పోలేదు. అవ్వ నా చేతుల మీద నూనె తుడిచిన చోట ఇప్పటికీ చురుక్కుమంటుంది. అది చల్లారకూడదనే కోరుకుంటాను. ఆనాటి నుంచి ఎవరి ముందూ నేను రెండో వరసలో నిలబడలేదు.