అచ్చం మా అత్త గొంతే

కంబైనల్లూరులో మా మేనత్త కౌన్సిలరు పదవికి పోటీ చేస్తోంది. "గెలిస్తే పై వీధికి నీళ్లు ఆపేస్తా" అని ఆమె తమిళంలో అంటున్న ఆడియో ఒకటి ఈ రోజు వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. గొంతు మాత్రం అచ్చం ఆమెదే.

నకిలీలను ఏఐతో పట్టి చెప్పే వాట్సాప్ నంబరు ఒకటుంటే, దానికి పంపాను. "ఇది మిషను తయారుచేసిన గొంతు" అని కాసేపటికే జవాబు వచ్చింది. సంతోషంగా పై వీధికి పరుగెత్తి అందరికీ చూపించాను. మాకు పాలు పోసే మునియమ్మక్క నా మొహంలోకి చూసి అడిగింది.

"చేసింది మిషనే, కాదని చెప్పేదీ మిషనే అంటావు. ఇంక దేన్ని నమ్మేది పాపా?"

ఫోను మూసి వెనక్కి తిరిగాను.

ఇంటికి వస్తే అత్త ఫోను చెవికి ఆనించుకుని అదే ఆడియో మళ్లీ మళ్లీ వింటోంది.

"నా గొంతే కదా. ఎప్పుడన్నా కోపంలో అనేసింటానేమో పాపా?"

"లేదత్తా, నువ్వు అనలేదు" అని ఎంత చెప్పినా ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

ఎల్లుండే ఓటింగు. పై వీధి సంగతి తర్వాత. ముందు మా అత్తను నమ్మించే దారి మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.