మంద చూశాకే ముద్ద

ఉదయగిరి పక్కన గొర్రెలు పెంచే మా మామగారు మంద చూడనిదే మాంసం ముట్టేవారు కాదు. ఓసారి జార్జియా దేశం తీసుకెళ్లాను. కొండపల్లె రైతింట్లో వేడివేడి మాంసం పులుసు వడ్డించగానే, ఆయన లేచి గొర్రెల దొడ్లోకి నడిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. వండిన పెద్దావిడ వెంటే వెళ్లింది. ఆయన ఒక గొర్రె వయసు పళ్ల లెక్కన అంచనా కట్టి, నాలుగు పళ్లని వేళ్లు చూపించారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, దాని నోరు తెరిచి ఆరు చూపింది. ఆయన వంగి చూసి, పకపకా నవ్వి, వచ్చి మూడుసార్లు పెట్టించుకుని తిన్నారు.

"ఆమె ఏమనుకుంటుంది మామా?" అని బయటికొచ్చాక విసుక్కున్నాను.

"ఆమె సంతోషపడిందిలే అల్లుడా. పదేళ్లుగా మా ఇంట్లో తింటా ఉండావు, నువ్వు ఒక్కరోజన్నా దొడ్లోకి వచ్చినావా?"