మేనమామ పట్టిన తాడు

తెలంగాణ వచ్చిన మరుసటి వేసవిలో నన్ను మహబూబ్‌నగర్‌లో ఒక చిత్రకళా ప్రదర్శనకు క్యూరేటర్‌గా వేశారు. ఏ బొమ్మ ఎక్కడ, ఎంత ఎత్తున వేలాడాలో తేల్చేది క్యూరేటరే. పైన డిప్యూటీ డైరెక్టర్ ఒప్పుకోవాలి, అంతే. ఆ ‘అంతే’తోనే నా జుట్టు సగం నెరిసింది.

కొల్లాపూర్ అవతల, నల్లమల అడవిలోని ఒక చెంచుపెంట, అంటే చెంచుల గూడెం, నుంచి వచ్చిన లింగమ్మకు అది మొదటి ప్రదర్శన. హైదరాబాదులో చిత్రకళ చదివి, తనవాళ్ల బతుకును పొడవాటి గుడ్డ మీద గీసింది. కింద, కొండచరియకు వేలాడుతూ తేనె కోస్తున్న తండ్రి. పైన, తాడు పట్టిన మేనమామ. నడుమంతా తాడే.

ఆ గుడ్డ హాలు ఎత్తును మించిపోయింది. పై భాగాన్ని కర్రకు చుట్టెయ్యమన్నారు డిప్యూటీ డైరెక్టర్ గారు. తేనె కనిపిస్తే చాలట!

లింగమ్మ ఒప్పుకోలేదు. “మా మామను మడతపెడ్తె మా నాయిన లోయల పడ్తడు సార్. నా బొమ్మ నాకియ్యిర్రి, తీస్కపోత” అంది.

చెంచుల్లో తేనెకు దిగే మనిషి తాడును అతని భార్య అన్నో తమ్ముడో పట్టాలి. తోడబుట్టినదాని కాపురం కోరేవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. అది విన్నాక ఆ బొమ్మను చుట్టడానికి నాకు చేతులు రాలేదు.

మెట్ల పక్కన పైకప్పు దాకా ఖాళీ ఉంది. పై అంతస్తు రెయిలింగ్‌కు తీగ కట్టి, ముందు ఇసుక బస్తా వేలాడదీసి బలం చూసి, ఆ తర్వాత బొమ్మను దించాం. మెట్ల దగ్గర బొమ్మేమిటని డిప్యూటీ డైరెక్టర్ గారు మండిపడ్డారు. ఏం జరిగినా నాదే బాధ్యత అన్నాను.

ప్రారంభం నాడు లింగమ్మ తండ్రి, మేనమామ వచ్చారు. తండ్రి కిందే నిలబడిపోయాడు. మేనమామ మెట్లెక్కి, బొమ్మలో తనను తాను చూసుకున్నాడు. తర్వాత మేం కట్టిన ముడిని రెండుసార్లు గుంజి చూసి, కిందికి వంగి కేకేశాడు.

“బావా, తాడు గట్టిగున్నది! ఫికర్ లేదు, దిగు!”

హాలంతా చప్పట్లు. లింగమ్మ ఏడుస్తూ నవ్వింది. ముఖ్య అతిథిని మెట్లెక్కించి మేనమామను చూపించింది మా డిప్యూటీ డైరెక్టర్ గారే. మొదటి బహుమతి ఆ బొమ్మకే వచ్చింది. నాకైతే గర్వంతోనే ఆ పూట కడుపు నిండిపోయింది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, కొలత టేపు తీసే ముందు ప్రతి కళాకారుణ్నీ ఒక మాట అడిగేవాణ్ని: ఈ బొమ్మలో ఎవరిని తీసేస్తే ఎవరు పడిపోతారు?