పసుపు పూసిన పుల్లీ

స్టాండర్డ్ సిక్స్‌లోనే నేను చదువు ఆపేశాను. నా వల్ల స్కూలుకు జరిగిన మేలు అదొక్కటేనని మా మాస్టారు చివరిదాకా చెప్పుకున్నారట. అలాంటివాణ్ణి, ఈ పొద్దున పక్కింటి కారు కీచుమనగానే టీ కప్పుతో గోడ దగ్గరికెళ్లి, "బెల్టు కాదండీ, పుల్లీ అరిగింది" అన్నాను. ఆయన ఆంధ్ర నుంచి ఉద్యోగానికొచ్చిన ఇంజనీరు. నన్ను ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా, కారును గరాజుకు తీసుకెళ్లిపోయాడు. పోనీలెండి. ఆ కీచు వింటే ఇప్పటికీ నాకు నువ్వుల నూనె వాసన వస్తుంది, తెల్లచీరలో అమ్మ కనిపిస్తుంది.

ఈ దేశంలో తెల్లవాళ్లకే కాక అందరికీ మొదటిసారి ఓటు వచ్చిన ఏడాది అది. అప్పుడూ చాట్స్‌వర్త్‌లో ఈ కొండవాలు ఇంట్లోనే ఉన్నాం. ఇండియన్లు ఉండకూడని చోటని మా పాత ఇల్లు లాక్కుని, నా చిన్నప్పుడు ప్రభుత్వమే లారీలో తెచ్చి ఇక్కడ దింపింది. నాన్న ఒక్క ఓటైనా వెయ్యకుండానే పోయాడు. అమ్మకు డెబ్భై దాటాయి, మోకాళ్లు వాకిలి దాటనివ్వవు. ఓటు వేసే స్కూలేమో కొండ అవతల. పాక్కుంటూ అయినా పోతానని నెల రోజులుగా అంటోంది. ఉన్న ఒక్క దారీ నా పాత కారు. అందులో ఇంజన్ను చల్లబరిచే నీళ్ల పంపును తిప్పే పుల్లీ చక్రం గాడి అరిగి అద్దంలా మెరుస్తోంది. బెల్టు జారిపోతోంది, నాలుగు వీధులు తిరిగేసరికి ఇంజను ఉడికిపోతోంది.

ముందురోజు మధ్యాహ్నం పెరట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. పాత కార్ల తుక్కులోంచి ఏరి తెచ్చిన పుల్లీ పక్కన పెట్టుకుని, బెల్టు వదులు చేసి, నాలుగు బోల్టులు విప్పి పాతదాన్ని ఊడదీశాను. తీరా చూస్తే కొత్తది లేదు. దేవుడి దీపం దగ్గర ఉంది. మా ఇంట్లోకి కెటిల్ వచ్చినా గడ్డి కోసే మిషను వచ్చినా బొట్టు పెట్టందే వాడరు. అమ్మ నువ్వుల నూనెలో పసుపు కలిపి గాడి పొడుగునా పూసి కుంకుమ పెట్టింది. క్రైస్తవంలో కలిసిన మా పిన్ని గడప ఇవతలే నిలబడి, కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసింది. ఇద్దరు దేవుళ్లకీ చెప్పాం, కారు ఇంక ఆగదని అక్కాచెల్లెళ్లు తీర్మానించారు.

నూనె అంటిన చోట బెల్టు నిలవదు. నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో అదొకటి. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ అమ్మ చూస్తోంది. నాన్న పోయినప్పుడు ఆవిడ నుదుట బొట్టు తుడవడం నేను చూశాను. అందుకే గుడ్డ కింద పడేసి, పుల్లీని అలాగే బిగించేశాను.

మర్నాడు పొద్దున అమ్మ దాచుకున్న తెల్లచీర కట్టింది. పిన్ని కూడా కారెక్కింది. సగం కొండ ఎక్కేసరికి కీచు, ఆ వెంటనే ఆవిరి. స్కూలుకు నడిచిపోయే జనం మమ్మల్ని దాటిపోతున్నారు. ఇంజను చల్లారాక బెల్టు వదులు చేసి, తల దించుకుని, పసుపు నూనె వల్లే జారుతోందని ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ పిన్ని భుజం పట్టుకుని కిందికి దిగింది. చెంగు వేలికి చుట్టుకుని వంగింది.

"దేవుడు సూసేసినాడు లే, నాయనా," అని, తను పెట్టిన బొట్టు తనే తుడిచేసింది. గాడంతా పొడిగా తుడిచి, బెల్టును కూడా తుడిచాకే నడుము ఎత్తింది.

బెల్టు బిగించాను. ఈసారి కీచుమనలేదు. స్కూలు దగ్గర వరస కంచె చుట్టూ తిరిగి ఉంది. ఒక జూలూ పెద్దాయన ఖాళీ పాల పెట్టె బోర్లించి, కూర్చో గోగో, అని వాళ్ల భాషలో అవ్వను పిలిచినట్టు పిలిచాడు. అమ్మ ఆయనకు దణ్ణం పెట్టింది గానీ కూర్చోలేదు. నల్లగా, పచ్చగా మరకలైన చెంగు పట్టుకుని, ఆ నొప్పి మోకాళ్లతోనే వరసలో నిలబడి లోపలికి వెళ్లింది. ఇంటికొచ్చే దారిలో, ఆ ఒక్కరోజు, నేను జోకులు వెయ్యలేదు.

కొన్నాళ్లకు ఉండబట్టలేక అడిగాను. అంతటి రోజున గంటసేపు రోడ్డు మీద నిలబెట్టానే, కోపం రాలేదా అని. అమ్మ పప్పులో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మనల్ని ఇక్కడికి తోలిన లారీ సరిగ్గా టయానికే వచ్చింది, నాయనా. టయానికి వచ్చిందల్లా మంచిదేటి?"