మడ అడవిలో అరిచింది నేను

పదేళ్లకు పైగా ఒక అరుపును మోస్తున్నాను. అది నా గొంతులోంచే వచ్చింది. పత్రికలో మాత్రం మరొకరి పేరున అచ్చయింది. ఇతరుల రాతల్లో అబద్ధాలు వెతికి కొట్టేయడమే పనిగా బతికిన నేను, నా ఈ ఒక్క అబద్ధం జోలికి పోలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. పెద్ద చెరువు కట్ట కింద ఇల్లు. అక్కడ పుట్టినవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. 'కట్ట తెగింది' అనే మాట నవ్వులాటకు కూడా అనకూడదు. ఆ కేక వినబడితే తినే కంచం వదిలేసి, గంపా పారా పట్టుకుని ఊరంతా ఉరకాలి. కేక వేయవలసినవాడు తూము కాసే ఇమామన్న. తండ్రి నుంచి వచ్చిన పని. నాకు ఈత నేర్పింది అతనే.

హైదరాబాదులో పత్రికలో చేరిన కొత్తలో, బందరుకు ఆవల కృష్ణానది సముద్రంలో కలిసేచోట, అటవీశాఖవాళ్లు గొడ్డలి పడకుండా కాపాడుతున్న ఒక దీవిని చూసి రాయమన్నారు. మా ఊళ్లో దరియా అనే సముద్రాన్ని చూడాలని ఇమామన్నకు ఎన్నాళ్ల నుంచో ఆశ. వెంట తీసుకెళ్లాను.

ఆ మడ అడవిని నిజంగా చూశానా, కలగన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. పడవ పాయలోకి తిరగగానే గాలి ఆగిపోయింది. ఆకుల పచ్చదనం నీళ్లలోకి దిగి, నీళ్ల మెరుపు ఆకుల మీదికి ఎక్కి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోయింది. చెట్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నట్టు వేళ్ల మీద నిలబడి ఉన్నాయి. బురదలోంచి వేలెడంత వేళ్లు లెక్కలేనన్ని పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తున్నాయి. చేపలు నీళ్లు వదిలి బురద మీద గెంతుతున్నాయి. ఇమామన్న నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

పడవవాడు మమ్మల్ని ఒక మిట్ట మీద దింపి, పీతల కోసం పక్క పాయలోకి వెళ్లాడు. సముద్రపు పోటు వస్తుందని చెప్పే వెళ్లాడు. నేను సరిగా వినలేదు. చెట్టు మొదట్లో కూర్చుని కళ్లు మూశాను. తెరిచేసరికి నా చెప్పులు తేలుతున్నాయి. వాన లేదు. ఎవరూ తూము ఎత్తలేదు. అయినా నీళ్లు వేళ్ల సందుల్లోంచి, అన్ని వైపుల నుంచీ, చప్పుడు లేకుండా పెరుగుతున్నాయి. నీళ్లు అలా పెరగడానికి కట్ట కింద పుట్టినవాడికి తెలిసిన కారణం ఒకటే.

"కట్ట తెగింది!" అని అరిచాను. పరుగెత్తబోయి బురదలో బోర్లాపడ్డాను.

ఇమామన్న నా రెక్క పట్టి లేపాడు.

"ఏం కట్టరా? దరియాకు కట్టేడుంటది?" అన్నాడు.

"ఊర్ల చెప్పకే అన్నా."

"నేనెందుకు చెప్త? గా మాట నీ నోట్ల వచ్చిందంటే మీ అమ్మ ముందుగాల నా తోలు దీస్తది. జర ముఖం కడుక్కో, బర్రె లెక్కున్నవ్."

అతను మాట నిలుపుకున్నాడు. నేను రాసేటప్పుడు మాత్రం, చెరువు తూము కాసే ఇమామన్న సముద్రపు పోటు చూసి 'కట్ట తెగింది' అని అరిచి బురదలో పడ్డాడని రాశాను. ఎందుకు? ఆ ముక్క లేకపోతే వ్యాసం చప్పగా ఉంటుందనా? అతను ఎప్పుడైనా చెప్పేస్తాడేమోనన్న భయమా? కాదు. పట్నంలో కలం పట్టినవాడు నవ్వులపాలు కాకూడదు, తూము కాసేవాడు అయితే ఫరవాలేదు అనుకున్నాను. ఇది తేల్చుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పత్రికను చావడి దగ్గర గట్టిగా చదివారు. ఊరు విరగబడి నవ్వింది. అతనికి 'దరియా ఇమామ్' అని పేరు పడింది. కాదని అతను ఒక్కరితోనూ అనలేదట.

మరుసటి వానాకాలం, తెల్లవారుతుండగా తూము పక్కన కట్ట కారడం మొదలైంది. ఇమామన్న కేక వేశాడు. "దరియా వచ్చిందా, ఇమామన్నా?" అని ఇళ్లలోంచి జవాబు వచ్చింది. కొందరు గొంగడి ముఖం మీదికి లాక్కున్నారు. వాళ్లు వచ్చేసరికి, ఒక్కడే మట్టి నింపుతున్న అతని కాలి మీదికి కట్టరాయి జారింది. కట్ట నిలిచింది. కాలు పోయింది. తూమును వేరొకరికి అప్పగించారు. కాలు లేదని కాదు. ఇతని కేకకు ఇక ఎవరు లేస్తారన్నారు.

చూడడానికి వెళ్లాను. మంచం చుట్టూ ఊరి పెద్దలున్నారు. అరిచింది నేనని ఒక్క ముక్క అంటే తూము అతనికి తిరిగి వచ్చేది. ఇమామన్న జరిగి నాకు చోటిచ్చాడు. నొప్పిగా ఉందా అని మాత్రమే అడిగాను.

"కాలుదేముందిరా," అన్నాడు.

ఇప్పుడు అతను లేడు. మన్నించగలిగినవాడు అతనొక్కడే, కాబట్టి ఆ మాట ఎత్తను. ఇక్కడ నా పేరు పెట్టలేదు. కట్ట కింద ఇళ్లవాళ్లకు పేరు అక్కర్లేదు. ఇమామన్నను సముద్రానికి తీసుకెళ్లింది ఎవరో వాళ్లకు తెలుసు. వాళ్లలో ఒకరు దీన్ని చావడి దగ్గర గట్టిగా చదవాలి. చదువుతారో లేదో తెలియదు. రాసేశాక మాత్రం ఊపిరి కాస్త లోతుగా దిగుతోంది.