మద్దిలేటి సార్ చూపించని వరుస

మొన్న మా ఆఫీసులో ఒకామె కొత్త మాధవరం నూలు చీర కట్టుకొచ్చింది. గంజి వాసన గదంతా పరుచుకుంది. అందరూ అంచు చూసి మెచ్చుకున్నారు. నేను తల తిప్పుకున్నాను. ఆ వాసన తగిలితే మద్దిలేటి సార్ గుర్తొస్తారు.

కడపలో నా మొదటి ఉద్యోగంలో ఆయన నా పై అధికారి. నందికొట్కూరు మనిషి. ఎక్కడో ఉన్న క్లౌడ్ సర్వర్లను నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసి నడపడం మా పని. ఒక్క వరుస రాసి ఎంటర్ నొక్కితే ఏళ్ళ తరబడి దాచినదైనా మాయమవుతుంది. అందుకే చెరిపే ఆదేశం రాశాక సార్ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ వరుసను పైకి చదివేవారు. "ఏ ఖాతా? ఏ ఫోల్డరు?" అని తనను తానే అడిగి జవాబు చెప్పుకునేవారు.

నాకప్పట్లో నోరెక్కువ. కంప్యూటరుకు కుంకుమ బొట్లు పెట్టినవాళ్ళతో వాదించి చెరిపించాను. సభల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

"ఏం సార్, మంత్రం చదువుతాండారా? మిషనుకు చెవులుండాయా?" అన్నానొకసారి.

ఆయన నవ్వారు. "మిషనుకు కాదప్పా, నాకు. కన్ను తనకు కావాల్సింది చదువుతాది. నోరు ఈడ ఉండేది చదువుతాది."

అంతకంటే హేతుబద్ధమైన మాట ఏ సభలోనూ నేను వినలేదు. అప్పుడు మాత్రం చెవిన పెట్టలేదు.

మాధవరం నేతగాళ్ళ సంఘం తమ పాత డిజైన్లన్నీ స్కాన్ చేయించి మా దగ్గర దాచింది. ఒక మధ్యాహ్నం సార్ నన్ను మేం పరీక్షలకు వాడే ఖాతాను ఖాళీ చేయమన్నారు. "ముందు ఉత్తుత్తిగా నడిపించి చూడు. ఏమేం పోతాయో అదే చూపిస్తాది," అని చెప్పి టీకి వెళ్ళారు. నేను నేరుగా ఎంటర్ నొక్కాను. పొద్దున సంఘం ఖాతా తెరిచిన తెర అది. మార్చడం మరిచాను. చకచకా పైకి జరిగిపోతున్నవి చీరల అంచుల పేర్లని గ్రహించేసరికి ఏమీ మిగల్లేదు. రెండో ప్రతి ఇంకా తీయలేదు.

మరునాడు సంఘం పెద్దాయన వచ్చాడు. "కాగితాలు చెదలు పట్టినాయని కాల్చేసినాం సార్. మీ కాడ ఉండాయి కదా అని." అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎవరు చేసినారు?" అన్నాడు మా యజమాని.

"నా కింద జరిగింది. నాదే," అన్నారు సార్. ఆ నెలలోనే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

బస్టాండు దాకా వెంట వెళ్ళాను. "యజమానికి చెప్పేస్తా సార్," అన్నాను.

"ఆయనకెందుకప్పా? పోయి ఆ పెద్దాయనకు చెప్పు. సంఘంలో అందరూ ఆయన్నే అడుగుతాండారు. జవాబు లేక శానా అవస్థ పడతాండాడు."

తల ఊపాను.

ఏ ఆదేశం ఎవరిచ్చారో క్లౌడు రాసిపెడుతుంది. డిజైన్లు పోయిన రోజే నా పేరున్న ఆ వరుసను సార్ తెర మీద నేనే చూశాను. ఆయన దాన్ని మూసేశారు. సాక్ష్యం చూపమని ఊరందరినీ నిలదీసినవాణ్ణి, ఆ వారమంతా ఎవరూ సాక్ష్యం అడగకూడదని కోరుకున్నాను. నిజం చెప్పాలంటే, మొక్కుకున్నాను.

సార్ చనిపోయి మూడేళ్ళయింది. నేనుంటున్న ఈ కడపకు మాధవరం గంట ప్రయాణం. నేనింకా వెళ్ళలేదు.