హన్మవ్వ జీవాలకు ప్రవేశం

మా ఊరు రెంజల్‌కు నాలుగు కిలోమీటర్లు. నేను ఏడో తరగతి దాకే చదివినా రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. బస్టాపుకు రేకులు వేయించింది నేను. ఊరందరి బర్రెలూ మేకలూ మేసే గైరాన్‌లో ప్రకృతి వనం పెట్టాలని, సర్కారు నిధులకు దరఖాస్తు రాసిందీ నేనే. అయినా చెప్పవలసింది హన్మవ్వ గురించి.

హన్మవ్వకు పదకొండు మేకలు. మా వైపు మేకల్ని, గొర్రెల్ని జీవాలంటాం. భర్త పోయాక ఆ జీవాల మీదే రెండు గదుల ఇల్లు లేపిన మనిషి. వనం చుట్టూ కంచె వేసి గేటుకు తాళం పెట్టేసరికి మేతకు చోటు పోయింది. మిగిలిన భూమంతా చెరుకు. అందులో మేక మూతి పెడితే తగాదా. ఇక బోధన్ అంగడిలో అమ్మేయడమేనని బేరం కూడా మాట్లాడుకుంది.

వనంలో వాకింగ్ ట్రాక్ వేశారు. పొద్దున్నే చెరుకు నరకడానికి మైళ్లు నడిచే జనం మళ్లీ గుండ్రంగా నడవడానికి రాలేదు. ట్రాక్ మీద గడ్డి మోకాళ్లు దాటింది.

అంతలో నిజామాబాద్ నుంచి అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు. జనం వాడకపోతే రెండో విడత నిధులు రావట. పొద్దున్నే గేటు తీయించి, బస్టాపు దగ్గర ఎదురు చూశాను. అతను వనం ముందు జీపు దిగేసరికి ట్రాక్ మీద హన్మవ్వ, వెనుక పదకొండు మేకలు.

నేను ట్రాక్ మీదికి పరుగెత్తాను. గేటు మీది బోర్డుకు మాటలు రాసిచ్చింది నేనే: ‘జీవవైవిధ్య పరిరక్షణ కొరకు. పశువులకు ప్రవేశం లేదు.’

“హన్మవ్వా, బోర్డు సూడలేదా?”

“నాకు సదువేడిది మెంబరన్నా? బీడీలు సుట్టే విమలమ్మతోని సదివిచ్చుకున్న. పశువులంటే బర్రెలు, ఎడ్లు. గివి జీవాలు. పైన జీవాల పేరే రాసినవ్ గద.”

అధికారి వనమంతా చూశాడు. నడిచే మనిషి ఇంకొకరు లేరు, ఫొటో లేనిదే ఫైలు కదలదు. మేకలు మేసినంత మేరే ట్రాక్ కనబడుతోంది. కానుగ మొక్కల్ని అవి ముట్టలేదు. హన్మవ్వను మరో చుట్టు నడవమని ఫొటో తీసుకున్నాడు. ‘జీవవైవిధ్యం సంతృప్తికరం. గడ్డి నిర్వహణ స్థానికుల భాగస్వామ్యంతో’ అని రాసుకున్నాడు. రెండో వాక్యం నేను అందించిందే.

నిధులు వచ్చాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని పంచాయతీలో మాట వస్తే, రోజూ వచ్చే మనిషి ఒక్కతేనని హన్మవ్వకు ఇప్పించాను. అంగడి బేరం ఆమె మానుకుంది. నెలకు ఎంతో కొంత జీతం అడగమని నేనే చెప్పాను.

“జీతమొద్దన్నా, మేత మంచిగున్నది” అంది. “బర్రెలోళ్లు అడిగితే మాత్రం, తాళంచెవి నా తాన లేదని చెప్పు.”